నోట్లో నిప్పు

పొగ మాన్పించడం పెద్ద పనేం కాదు. మానేసిన మనిషిని ఆ తర్వాత భరించడమే పని. మా కేంద్రంలో కొత్తగా చేరిన పిల్లలకి నేను మొదట చెప్పే మాట ఇదే. వాళ్ళు నవ్వేవారు. రెండు రోజులు వార్డులో తిరిగాక నవ్వు ఆగిపోయేది. ఇప్పుడు ఉద్యోగం దిగిపోయాను, నా మాట వినాల్సిన ఖర్మ ఎవరికీ లేదు. అయినా ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీలాంటివాళ్ళకి చెబుతాను. ఇన్నేళ్ళు జనం మీద అరిచిన గొంతు ఊరికే ఉండమంటే ఉంటుందా?

నేను నర్సుని. నా చివరి ఉద్యోగం అనకాపల్లిలో, ఓ ట్రస్టు వాళ్ళు పెట్టిన పొగ మాన్పించే కేంద్రంలో. వచ్చినవాళ్ళు మా దగ్గరే ఉండాలి, రెండు వారాల పైచిలుకు. సెల్‌ఫోన్లు మా బీరువాలో పెట్టేస్తాం. మొదట్లో ఇంటివాళ్ళని రానివ్వం. తర్వాత ఒకరోజు 'కుటుంబం రోజు' అని ఉంటుంది. ఆవేళ ఇంటివాళ్ళొచ్చి ఎదురుగా కూర్చుని, మనసులో ఏముంటే అది చెప్పుకోవాలి. ఇక మధ్యలో ఎవరైనా దొంగతనంగా కాలుస్తూ దొరికితే సంచీ సర్దుకోవడమే. ఈ ఒక్క నియమం దగ్గర మా పెద్ద డాక్టరుగారు ఎవరు బతిమాలినా వినేవారు కాదు. కాళ్ళమీద పడ్డ లారీ డ్రైవర్లని కూడా పంపించేశారు.

కేంద్రం ఉన్నది బెల్లం మార్కెట్ దాటాక, ఒకప్పుడు బెల్లం దిమ్మలు దాచిన గోదాములో. సున్నాలు వేయించారు, టైల్స్ పరిపించారు, కిటికీలకి దోమతెరలు కొట్టించారు. చీమలకి మాత్రం అది ఇంకా బెల్లం గోదామే. ఏ మంచం కాలు చూసినా బారులు తీరి ఉండేవి. సిగరెట్ లేక చిర్రెత్తిపోయి ఉన్న మనిషిని చీమ కుడితే ఏమవుతుందో మీరు ఊహించుకోండి, ఆ తిట్లన్నీ నా ఖాతాలోనే పడేవి.

వచ్చేవాళ్ళంతా మగాళ్ళే. మార్కెట్లో కలాసీలు, డ్రైవర్లు, ఆఫీసు ఉద్యోగులు. అలాంటి చోటికి ఒకరోజు ఆవిడ వచ్చింది.

సముద్రం వైపు పల్లె మనిషి. చేపలమ్ముకుని బతికింది. అరవై దాటి ఉంటాయి. భర్త వేటకెళ్ళి సముద్రంలోనే పోయాడు. ఒక్కడే కొడుకు, వాడికి భార్యా, ఒక కూతురూ. ఆవిడ తాగేది అడ్డపొగ. మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి చెబుతాను. చుట్ట వెలిగించి, కాలుతున్న కొసని నోటి లోపలికి పెట్టుకుని పెదాలు మూసి పీలుస్తారు. నిప్పు లోపల, వెలిగించని కొస బయట. మా తీరం పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్ళకి ఇది పాత అలవాటు. కొత్తగా చూసినవాళ్ళు హడలిపోతారు గానీ, వాళ్ళకి అది బుగ్గన కిళ్ళీ పెట్టుకున్నంత మామూలు.

అన్నేళ్ళు కాలిన అంగిట్లో మచ్చ లేచి, మచ్చలో పుండు పడింది. విశాఖపట్నంలో సర్జను ముక్క తీసి పరీక్ష చేయించి, ముదరకముందే ఆపరేషన్ చేస్తే బతుకుతుందన్నాడు. అయితే చుట్ట పూర్తిగా మానితేనే కత్తి పడతానన్నాడు, లేకపోతే గాయం మానదు. ఇంట్లో ఉండి మానడం ఆవిడ వల్ల కాలేదు. అందుకని మా దగ్గరికి పంపారు. ఇక్కడ మానితే నేరుగా ఆపరేషనుకి. మానకపోతే ఆ పుండుతో ఇంటికి. ఇదంతా మనసులో పెట్టుకుని, ఎలా ధైర్యం చెప్పాలా అనుకుంటూ నేను ఎదురెళ్తే, ఆవిడ మంచం కిందకి చూసి మొదట అన్న మాట, "ఓలమ్మ, ఈ సీమలేటి? ఆసుపత్రా, మిఠాయి కొట్టా?"

మా సైకాలజిస్టు కుర్రాడు గుంటూరు వైపు వాడు. మంచివాడు, తెలివైనవాడు, కాకపోతే ప్రతి మనిషికీ ఒక పుస్తకం తెరుస్తాడు. అడ్డపొగ అంటే ఏమిటో నేను చేసి చూపిస్తే కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. తర్వాత తేరుకుని, "వాళ్ళ పనిలోంచి వచ్చిన అలవాటు సిస్టర్ గారూ. తలమీద గంప, చేతులు రెండూ గంపకి, సముద్రపు గాలి. అందుకే నిప్పు లోపల పెట్టుకున్నారు. పని గుర్తొచ్చినప్పుడల్లా పొగ గుర్తొస్తుంది. పొద్దున్న, మధ్యాహ్నం ఆమెని బిజీగా ఉంచితే సరిపోతుంది" అన్నాడు. నాకూ సబబుగానే తోచింది. మేమంతా తలూపాం.

మిగతావాళ్ళకి చేతులు ఊరుకోవని ఏటికొప్పాక లక్క బొంగరాలు తెప్పించి ఉంచాం. సిగరెట్ పట్టిన వేళ్ళకి ఏదో ఒకటి తిప్పడానికి కావాలి. ఆవిడకీ ఒకటి ఇచ్చాడు. ఆవిడ దాన్ని అటూ ఇటూ చూసి, "నా సేతులకేటైనాది బాబూ? రోగం నోటికి గదా" అని మనవరాలికని సంచీలో వేసుకుంది. లవంగాలిస్తే ఉమ్మేసింది. నేను రోజూ భుజానికి నికోటిన్ పట్టీ అంటించేదాన్ని, ఆరాటం తగ్గడానికి. దానికి మాత్రం బుద్ధిగా చెయ్యి చాపేది.

మొదటి రోజులు మాట లేదు, పలుకు లేదు. గోడకి ఆనుకుని పెదాలు బిగించి కూర్చునేది. ఆ తర్వాత నోరు తెరిచింది. ఇక చూడండి నా తిప్పలు! చారు పోస్తే, "ఇది సారేటి, గిన్నెలు కడిగిన నీల్లేటి?" డాక్టరుగారు రౌండ్సుకొస్తే, "ఈ బాబుకి నవ్వితే పళ్ళూడిపోతాయేటి?" పక్క వార్డు కలాసీ గట్టిగా తుమ్మితే వాడి ఏడు తరాలూ. నన్నయితే, "బండ నర్సమ్మ" అని పిలిచేది. పొగ మానినవాళ్ళకి కోపం రావడం మాకు కొత్త కాదు. రెండో వారానికల్లా చల్లబడతారు. ఆవిడకి రోజురోజుకీ పెరిగింది. పైగా ఇంకొకటి గమనించాను. తిట్టి తిట్టి, హఠాత్తుగా "ఆ పొద్దు..." అనేది. అని ఆగిపోయి, పైటకొంగు ఉండచుట్టి నోట్లో కుక్కుకునేది. కళ్ళు మాత్రం భయంతో అటూ ఇటూ కదిలేవి.

కుటుంబం రోజు దగ్గరపడేసరికి నా వెంట పడింది. "నా కొడుకుని రావొద్దని సెప్పు. ఆపరేషనుకే తిన్నగా రమ్మను."

"ఎందుకమ్మా? కోడలితో గొడవా?"

"కోడలు బంగారం. ఆడినే వద్దంతన్నాను."

"అలా కుదరదు. రూలు."

"నీ రూలు మీద మట్టిపొయ్య. అయితే ఆ పూట నాకొక్క సుట్టియ్యి. ఒక్కటంటే ఒక్కటి. తరవాత అడిగితే సెప్పుతీసి కొట్టు."

నాకు ఒళ్ళు మండింది. ఆపరేషన్ ముంగిట్లో పెట్టుకుని ఏమిటీ మనిషి అని నాలుగు తిట్టాను. ఆవిడ ఎదురు తిట్టలేదు. అదే నాకు తేడాగా అనిపించింది.

అసలు సంగతి బయటపెట్టింది మా పరుపుల కొట్టు భాయ్. ఊళ్ళో దూది ఏకి పరుపులు కుట్టే సాయిబు, సిగరెట్లు మానడానికి ఆవిడతోపాటే ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు ఆటపట్టించుకునేవారు. ఆవిడ అతన్ని "సాయిబు తమ్ముడా" అనేది, అతను "అప్పా" అనేవాడు. ఓ మధ్యాహ్నం నేను మందులిస్తుంటే అన్నాడు, "సిస్టరమ్మా, ఒకటి చెప్పనా? మా గల్లీలో ఈ అప్ప ఏళ్ళతరబడి చేపలమ్మింది. కేకేస్తే మూడు వీధులకి వినపడేది. ఖుదా కసం, ఏనాడూ ఆమె నోట్లో చుట్ట చూడలేదు నేను. మీ సైకాలజీ బాబేమో పని, పని అంటన్నాడు."

చేతిలో మాత్రలతో అలాగే నిలబడిపోయాను. నిజమే కదా, నోట్లో నిప్పు పెట్టుకుని కేక ఎలా వేస్తుంది? పనిలో ఆవిడకి చుట్ట అవసరమే లేదు. ఇన్నాళ్ళూ మేము పొద్దుట, మధ్యాహ్నం ఆవిడకి కాలక్షేపాలు పెట్టుకుంటూ కూర్చున్నాం. అంటే ఆవిడకి చుట్ట కావలసింది సాయంత్రాలు, ఇంటికి చేరాకన్నమాట.

వెళ్ళి పక్కన కూర్చున్నాను. తిట్టకుండా అడిగాను, అది నాకు కష్టమైన పని. "గల్లీల్లో తిరిగినప్పుడు అక్కర్లేని చుట్ట ఇంటికెళ్తే ఎందుకమ్మా?"

చీమల బారుని చూస్తూ మెల్లగా అంది. "నిప్పు లోపలుంటే నోరు తెరవలేం గదా. తెరిస్తే కాల్తాది. అందుకు."

"ఏం మాట వస్తుందని?"

"ఒక మాటున్నాది. ఆల్లయ్య పోయిన కాణ్ణించి ఉన్నాది. కొడుకు ఎదరకొత్తే సాలు, గొంతుకాడకొచ్చి నిలబడతాది. గబాల్న సుట్టెట్టీసుకుంటాను. ఆడు తిని ఎల్లిపోతాడు. అది బయటికొచ్చిందో, నాకు కొడుకుండడు."

అంతకుమించి చెప్పలేదు. నేను ఊహించుకున్నది, మీరు ఇప్పుడు ఊహించుకుంటున్నదీ ఒకటే అయి ఉంటుంది. తండ్రి చావులో కొడుకు తప్పేదో ఉంది, ఈ తల్లి దాన్ని కడుపులో దాచుకుంటోంది అనుకున్నాను.

ఆ సాయంత్రం సైకాలజిస్టుకి చెబితే అతని మొహం వెలిగిపోయింది. "చూశారా సిస్టర్! చుట్ట కాదు మనం మాన్పించాల్సింది, మౌనం. కుటుంబం రోజున ఆ మాట బయటికి రావాలి. వచ్చేస్తే ఇక చుట్టతో పని లేదు."

"ఇదేమైనా వాంతా, తెప్పించేసి మూతి కడగడానికి?" అన్నాను. "చూస్తూ చూస్తూ కొడుకుని పోగొట్టుకోమంటావా? ఆపరేషనుకి పక్కన ఎవరుంటారు, నువ్వుంటావా? ముందు ఆ పుండు తీయించనీ. మాటలు తర్వాత."

అతను నాతో ఎప్పుడూ వాదించేవాడు కాదు. ఆ రోజు వాదించాడు. "తర్వాత అంటే ఎప్పుడు? సర్జన్ రాసింది చదివారుగా. అంగిలి సగం తీసేస్తారు. ప్లేటు పెట్టినా మాట ముక్కులోంచే వస్తుంది. ఏం చెప్పినా ఎవరికీ అర్థం కాదు, కొన్నాళ్ళో, చాలాకాలమో. ఆమె చెప్పగలిగేది ఇప్పుడే."

నాకు కోపమొచ్చింది. రెండు చేతులూ కట్టేసినట్టయింది. చెబితే కొడుకు పోతాడు, చెప్పకపోతే చుట్ట పోదు, చుట్ట పోకపోతే మనిషి పోతుంది.

కుటుంబం రోజు రానే వచ్చింది. హాల్లో కుర్చీలు గుండ్రంగా వేశాం. వచ్చేవాళ్ళ ముందు మర్యాదగా ఉంటుందని ఎవరో అగరొత్తులు గుత్తిగా వెలిగించారు, గదంతా పొగ. డాక్టరుగారు బల్ల దగ్గర, సైకాలజిస్టు మధ్యలో, ఆవిడకి కాస్త వెనగ్గా నేను. ఎదురుగా కొడుకు. నల్లగా, గట్టిగా ఉన్నాడు, ముప్పై దాటి ఉంటాయి. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు, కాలర్ మీద చెయ్యి పెట్టుకుని దాన్నే సర్దుకుంటున్నాడు.

ఆవిడ స్నానాల గది వైపు నుంచి వచ్చి కూర్చుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు ఆపుకుంటోందనుకుని అందరూ కళ్ళు దించుకున్నారు. "ఎంత నిబ్బరంగా ఉన్నారో చూడండి అమ్మ. వచ్చినప్పటికీ ఇప్పటికీ ఎంత తేడా!" అని మెచ్చుకున్నాడు సైకాలజిస్టు.

నాకు పక్కనుంచి దవడ కనిపిస్తోంది. బుగ్గ లోపలికి పోతోంది, వస్తోంది. కొంగు అంచులోంచి సన్నగా పొగ. అగరొత్తిది కాదు. నేను పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనే, చుట్ట వాసన నాకు కొత్తా? తల తిప్పితే గుమ్మం పక్కన భాయ్ నిలబడి ఉన్నాడు. నా కళ్ళు చూసి మొహం పక్కకి తిప్పేసుకున్నాడు. ఎక్కడిదో అర్థమైపోయింది.

ఇప్పుడు లేచి చెబితే డాక్టరుగారు అక్కడికక్కడే పంపించేస్తారు. ఆపరేషన్ ఆగిపోతుంది. చెప్పకుండా కూర్చుంటే నిప్పు ఆ పుండు పక్కనే కాలుతోంది. లేవాలని చేతులు కుర్చీకి ఆనించాను కూడా. అంతలో కొడుకు మొదలుపెట్టాడు.

"సార్, నాకు మాటాడ్డం రాదు. మా అయ్య పోయిన కాణ్ణించి మాయమ్మ నాతోటి సరిగ్గా మాటాడ్నేదు. నాను గుమ్మంలోకొత్తే సాలు, సుట్ట నోట్లో ఎట్టీసుకుంతాది. నా పెల్లికీ అంతే. నాకు కూతురు పుట్టినపుడూ అంతే." కాలర్ వదిలేసి తల్లి వైపు తిరిగాడు. "ఎందుకో నాకు తెల్దనుకుంతన్నావేటమ్మా? ఊరందరికీ తెల్సు. ఆ పొద్దు ఏటకి నానెల్లాల. ముందు రేత్రి పెల్లికెల్లి తాగొచ్చి పడిపోనాను. నువ్వు లేపినా లేవనేదు. జొరంతోటి అయ్య ఎల్లేడు. అలల కాడ బోటు తిరగబడిపోనాది. అందరూ ఈదుకొచ్చేరు. జొరంమనిసి, ఆయనకి ఓపిక సాల్లేదు."

కొడుకు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"తిట్టమ్మా. ఆపరేషనైతే నీ మాట రాదంట గదా. ఒక్కపాలి తిట్టీ. మీ అయ్యని నువ్వే సంపేవురా అని నా మొహం మీద అనీ. నాను పడతాను. ఇలాగ మాటాడకుండా మాత్రం ఉండకే."

ఆవిడ కొంగు కిందికి జారిపోయింది. పెదాల మధ్య చుట్టముక్క. సైకాలజిస్టు నోరు తెరిచాడు. డాక్టరుగారు సగం లేచారు. ఆవిడ ఎవరినీ చూడలేదు. చుట్ట లాగి, నిప్పుని టైల్స్ మీద నొక్కి ఆర్పింది. నాలుక మీది బూడిద చేత్తో తుడుచుకుంది.

"నాను లేపనేదురా" అంది.

కొడుకుకి అర్థం కాలేదు. నాకూ అర్థం కాలేదు.

"మీ అయ్య లేపమన్నాడు. ఒల్లు కాలిపోతంది, ఆడ్ని పంపే అన్నాడు. నీ దగ్గరకొచ్చేను. బోర్లా పడుకున్నావు, సిన్నపుడు పడుకున్నట్టు. బయట అలలు ఇంతింత ఎత్తున్నాయి, ఇంట్లోకి ఇనపడతన్నాయి. నా సెయ్యి రానేదు. ఎనక్కెల్లి, 'లేపేను, లేవట్నేదు, నువ్వెల్లిపో' అని అబద్దమాడేను. ఆయన ఎల్లేడు. ఎల్తా ఎల్తా అందరికీ అదే సెప్పేడు, కొడుకు లేవనేదని. ఊరు ఊరంతా అదే అన్నాది. నువ్వూ అదే నమ్మేవు. నాను కాదననేదు. అంటే నువ్వేటంటావో అని. నీ తప్పు కాదురా. మీ ఇద్దర్లో నాను ఏరేను. నిన్ను ఉంచుకుని ఆయన్ని పంపేను."

మీకు నిజం చెబుతున్నాను, ముప్పై ఏళ్ళకి పైగా ఆసుపత్రుల్లో పనిచేశాను, చావుల దగ్గర నిలబడ్డాను. ఆ రోజు భయపడినట్టు ఎప్పుడూ భయపడలేదు. ఆ కొడుకు మొహంలో ఏమీ లేదు. ఏడుస్తాడేమో అనుకున్నాను. కాళ్ళమీద పడతాడేమో అని సైకాలజిస్టు ఆశపడ్డాడు, అతని చూపులోనే తెలిసిపోయింది.

వాడు లేచి నిలబడ్డాడు. "ఇన్నేల్లమ్మా" అన్నాడు. "అయ్యని సంపేనని ఇన్నేల్లు నాను నిద్దరపోనేదు. నువ్వు సూత్తా ఊరుకున్నావు." గొంతు పెంచలేదు. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. బయట బండి స్టార్టయిన చప్పుడు వినపడింది.

ఆవిడ కుర్చీలో అలాగే కూర్చుంది. నేను వెళ్ళి భుజం పట్టుకున్నాను.

భాయ్ ముందుకొచ్చి చేతులు జోడించాడు. "డాక్టర్ సాబ్, తప్పు నాది. చుట్ట, అగ్గిపెట్టె నేనే తెప్పించాను. కొడుకు పోతాడని ఏడిస్తే తట్టుకోలేకపోయాను. నన్ను పంపేయండి. ఆమెని మాత్రం పంపకండి."

అందరం డాక్టరుగారి వైపు చూశాం. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు. నేల మీది చుట్టముక్కని చాలాసేపు చూశారు. చివరికి, "ఇక్కడేదో చెత్త పడింది. ఎవరైనా ఊడ్చేయండి" అని తన గదిలోకి వెళ్ళిపోయారు. నేనే చీపురు తెచ్చి ఊడ్చాను.

తర్వాత వరండాలో సైకాలజిస్టుని పట్టుకుని కడిగిపారేశాను. "బయటికి రావాలన్నావుగా, వచ్చింది. ఇప్పుడు ఆ కొడుకుని నీ పుస్తకంలోంచి తీసి ఇస్తావా?" పాపం, అతను గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. అది చూశాక నా నోరు కూడా మూతపడింది. మేమిద్దరం ఊహించుకున్న మాట ఒకటి, ఆవిడ దాచుకున్న మాట ఇంకొకటి. ఇందులో అతనెంత తెలివితక్కువో నేనూ అంతే.

మిగిలిన రోజులు ఎలా గడిచాయో చెప్పాలంటే, ఆవిడ మళ్ళీ చుట్ట అడగలేదు. ఒక్కసారి కూడా అడగలేదు. తిట్లు కూడా తగ్గాయి. చీమలని చూసి కూడా ఏమనేది కాదు, అది నాకు మరీ బాధ. భాయ్‌తో, వంటమనిషితో, ఎవరు దొరికితే వాళ్ళతో భర్త సంగతులు చెప్పేది. ఆయనకి వంజరం చేప ఇష్టమని, నిద్రలో పాడేవాడని. చెబుతూ చెబుతూ రోడ్డు మీద బండి చప్పుడైతే ఆగేది. బండి దాటిపోయేది. మళ్ళీ మొదలుపెట్టేది. కొడుకుకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. కోడలు ఎత్తింది. "ఏటీ అనట్లేదు మేడమ్. తింతన్నాడు, ఏటకెల్తన్నాడు. నాతో కూడా మాటాడట్లేదు" అంది. ఆపరేషనుకి ఇంటి మనిషి ఉండాలి. ఎవరూ రాకపోతే నేనే వెళ్ళాలని సెలవు అడిగి పెట్టుకున్నాను.

ఆపరేషనుకి వెళ్ళాల్సిన పొద్దున ఆవిడ తల దువ్వుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని గేటు దగ్గర బల్లమీద కూర్చుంది. "నువ్వొత్తావేటమ్మా నాతోటి?" అని నన్నడిగింది. మొదటిసారి బండ నర్సమ్మా అనకుండా పిలిచింది. వస్తానన్నాను. చెప్పులు వేసుకుంటుండగా ఆటో ఒకటి వచ్చి ఆగింది. అందులోంచి కొడుకు దిగాడు.

తల్లి మొహం చూడలేదు. వంగి సంచీ తీసుకున్నాడు. "టైమైపోతంది, పద" అన్నాడు.

"తిన్నావేట్రా?" అంది ఆవిడ.

"తిన్నాను."

అంతే. ఆవిణ్ణి వెనక సీట్లో ఎక్కించి తను వెళ్ళి డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. ఆటో గేటు దాటింది, మార్కెట్ మలుపు దగ్గర ఆగింది. వాడు ముందు నుంచి దిగి, వెనక్కొచ్చి తల్లి పక్కన ఎక్కాడు. అది చూసి నేను ఆ రోడ్డు మీదే ఏడ్చేశాను. బెల్లం బండ్లవాళ్ళు చూస్తున్నారని కూడా సిగ్గు వెయ్యలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మీలో చాలామంది ఈ పనిలోకి వస్తున్నారు. రోజుకి ఎన్ని కాలుస్తావు, ఎప్పుడు కాలుస్తావు, మానితే ఏం లాభం అని అడుగుతారు. అడగండి, అవీ కావాలి. దాంతోపాటు ఆ పొగ ఆ మనిషికి ఏం చేసిపెడుతోందో కూడా అడగండి. అడిగాక, వచ్చే సమాధానం మీరు ముందే అనుకున్నదే అని మాత్రం నమ్మకండి. ఇంకో మాట. ఆవిడ చెప్పడం వల్ల అంతా బాగైపోయిందని నేను అనను. ఆ కొడుకు వెళ్ళిపోయి తిరిగి రాకపోయి ఉంటే, ఈ కథ నేను మీకు చెప్పేదాన్ని కాదు, ఎవరికీ చెప్పేదాన్ని కాదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. కొన్ని నెలల తర్వాత, నేను ఉద్యోగం దిగిపోయాక, వాళ్ళ పల్లెకి వెళ్ళాను. వాకిట్లో కొడుకు వల బాగుచేసుకుంటున్నాడు. ఆవిడ అరుగు మీద ఉంది, కాస్త చిక్కింది, కళ్ళు మాత్రం అవే. నన్ను చూసి చెయ్యూపి గబగబా ఏదో అంది. అంగిట్లో ప్లేటు ఉన్నా మాటంతా ముక్కులోంచి గాలై పోతోంది. ఎంతోమంది రోగుల మాట పట్టుకున్నదాన్ని, ఒక్క అక్షరం అందలేదు. కోడలి వైపు చూశాను. తనకీ తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

కొడుకు వల మీంచి తలెత్తకుండానే అన్నాడు, "బండ నర్సమ్మా, ఇంతకాలానికి గుర్తొచ్చేనా అంతంది."

"ఎలా అర్థమవుతోందయ్యా నీకు?"

"ఇనగా ఇనగా వచ్చింది. రోజంతా మాటాడతానే ఉంతాది."

నిజంగానే ఆపడం లేదు. చెప్పుకుంటూ పోతోంది, చేతులు తిప్పుతోంది, మధ్యలో సముద్రం వైపు చూపిస్తోంది. వాడు ఊఁ కొడుతున్నాడు. ఒకచోట వాడి చేతులు వల మీద ఆగిపోయాయి. కళ్ళు చెమర్చాయి. వాడు తల్లి వైపు చూసి నవ్వాడు.

"ఏమంటోంది?" అని అడిగాను.

"అది మీకు కాదు సిస్టరమ్మా" అన్నాడు. "నాతో అంతంది."